చిన్న కొండే కదా అనుకున్నాం: సముద్రం పక్కన కొండ ఎక్కేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది?

విశాఖ బీచ్ రోడ్డు మీద నిలబడి చూస్తే కైలాసగిరి పెద్ద కొండలా అనిపించదు. సముద్ర మట్టానికి దాని ఎత్తు 173 మీటర్లు. అరకు ఘాట్ చూసినవాళ్ళకి, శ్రీశైలం రోడ్డు ఎక్కినవాళ్ళకి ఇది లెక్కలోకే రాదు. పైదాకా కారు పోతుంది, రోప్‌వే ఉంది, పైన పార్కు, పిల్లలకి బొమ్మ రైలు. ఆదివారం పిల్లాజెల్లాతో వెళ్ళి పల్లీలు తిని వచ్చే చోటు. అందుకే మేం ఐదుగురం "ఈసారి బండి మీద వద్దు, మెట్ల దారిలో ఎక్కుదాం" అనుకున్నప్పుడు ఎవరూ రెండోసారి ఆలోచించలేదు.

మాలో ఒకడు పదేళ్ళుగా రియాద్‌లో ఉంటాడు. చెల్లెలి నికాహ్‌కి సెలవు మీద వచ్చాడు. అక్టోబర్ మొదటి వారం. ముందు రోజు వలీమా, ఇంటికి చేరేసరికి రాత్రి ఒంటిగంట. ఫజర్ అవగానే బయల్దేరాలని మాట. కానీ ఒకడు లేవలేదు, ఇంకొకడి బండిలో పెట్రోలు లేదు, చివరికి అందరం కలిసేసరికి "టిఫిన్ చేసి పోదాం భాయ్" అన్నారు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఏడున్నర. "ఎండాకాలం కాదు కదా, పైగా నేను 45 డిగ్రీలు చూసినవాణ్ణి" అన్నాడు మా రియాద్ వాడు.

మొదటి భాగం అంతా నవ్వులే. సగం దాటాక వాడు రెండుసార్లు "అరే యార్, ఆగండిరా" అన్నాడు. ఆ తర్వాత అనడం మానేశాడు. మా గుంపులో ఎక్కువ మాట్లాడేది వాడే, అయినా ఆ మౌనాన్ని మేం పట్టించుకోలేదు. ఇంకాస్త పైకి వెళ్ళాక ఉన్నట్టుండి అడిగాడు: "బండి ఎక్కడ పెట్టాం? కిందికే కదా వెళ్తున్నాం?" మేం ముగ్గురం జోక్ అనుకొని నవ్వాం. మెడికల్ షాపు నడిపే మా నాలుగోవాడు నవ్వలేదు. వెనక్కి దిగి వాడి చెయ్యి పట్టుకున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. చెమట ధారగా కారుతూనే ఉంది, కాలు మాత్రం మెట్టు మీద సరిగ్గా పడటం లేదు.

పక్కన పొద నీడలో కూర్చోబెట్టి, చొక్కా విప్పి, మిగిలిన రెండు సీసాల నీళ్ళు తల మీద, మెడ మీద, చంకల్లో పోశాం. రుమాళ్ళతో విసిరాం. ఇరవై నిమిషాలకి మాట తేటపడింది. పై రోడ్డు దగ్గరగానే ఉండటంతో ఇద్దరం చెరోవైపు పట్టుకొని అక్కడికి చేర్చి, కారు పిలిపించి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సాయంత్రానికి పంపించేశారు. పంపించేముందు డాక్టర్‌గారు అడిగిన మాట ఒక్కటే: "మాట తడబడగానే 108కి ఎందుకు ఫోన్ చేయలేదు? ఆ స్థితిలో నడిపించి ఎలా తెచ్చారు?" మా దగ్గర జవాబు లేదు. జోక్ అనుకున్నాం అని ఎలా చెప్తాం?

ఆ రోజు నుంచి ఈ విషయం కాస్త చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. మన పిల్లలు, కాలేజీ కుర్రాళ్ళు సెలవు దొరికితే ఇలాంటి కొండలు ఎక్కుతూనే ఉన్నారు కాబట్టి తెలుసుకున్నది రాస్తున్నాను.

*ఎత్తు కాదు, వేడి*

కింది రోడ్డు నుంచి పైదాకా సుమారు 150 మీటర్లు ఎక్కుతాం అనుకుందాం. యాభై అంతస్తుల భవనం మెట్లు ఎక్కడంతో సమానం. 70 కిలోల మనిషి అంత బరువుని అంత ఎత్తుకి మోయడానికి కావలసిన పని దాదాపు 100 కిలోజౌళ్ళు. కానీ మన కండరాలు పాత లారీ ఇంజన్ లాంటివి. ఖర్చు పెట్టిన శక్తిలో అయిదో వంతు మాత్రమే పనికి పోతుంది, మిగతా నాలుగు వంతులు వేడిగా మారుతుంది. అంటే కొండ పైకి చేరేలోపు ఒంట్లో అదనంగా 400 కిలోజౌళ్ళ వేడి పుడుతుంది.

ఆ వేడి ఎక్కడికీ పోకుండా ఒంట్లోనే ఉండిపోతే 70 కిలోల శరీరం ఉష్ణోగ్రత ఒకటిన్నర డిగ్రీకి పైగా పెరుగుతుంది. 37 నుంచి 38.5 దాటి పోయినట్టు. పైనుంచి ఎండ, మెట్ల రాయి నుంచి వచ్చే సెగ దానికి తోడు. అరగంటలో ఇంత జరగవచ్చు.

అలా జరగకుండా కాపాడేది చెమట. ఇక్కడే చాలామంది పొరబడతారు. చెమట పట్టినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. ఒక గ్రాము చెమట ఆవిరైతే దాదాపు రెండున్నర కిలోజౌళ్ళ వేడిని తీసుకుపోతుంది. అంటే ఒక టీ గ్లాసుడు చెమట పూర్తిగా ఆరితే చాలు, పైన చెప్పిన వేడంతా పోతుంది. కానీ సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, కారుతుంది. గడ్డం మీద నుంచి రాయి మీద పడిన చుక్క మనకి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గించి పోతుందే తప్ప చల్లదనం ఇవ్వదు.

మా రియాద్ వాడి లెక్క తప్పింది అక్కడే. రియాద్ ఎండ పొడి ఎండ, అక్కడ చెమట పట్టింది కూడా తెలియకుండా ఆరిపోతుంది. పైగా వాడు ఆ 45 డిగ్రీలను చూసింది కారు అద్దంలోంచే. ఇల్లు, కారు, ఆఫీసు అన్నీ ఏసీ. వేడిలో పనిచేయడానికి శరీరం అలవాటు పడాలంటే రోజూ కాస్త కాస్త చొప్పున వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ అలవాటు కూడా నిలవ ఉండదు, కొన్ని వారాలు ఏసీలో గడిపితే పోతుంది. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళు, హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల నుంచి పండక్కి వచ్చినవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. దానికి తోడు నిద్ర లేని రాత్రి, కడుపులో అరగని పెళ్ళి భోజనం. ఈ రెండూ వడదెబ్బకి దారి తీసేవే.

*తూర్పు తీరంలో పొద్దున ఎండ ఎటు నుంచి వస్తుంది?*

"పొద్దున్నే ఎక్కితే చల్లగా ఉంటుంది" అని అందరూ చెప్తారు. సగం నిజం. మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. కైలాసగిరి మెట్లు సముద్రం వైపు వాలులో ఉన్నాయి. కాబట్టి పొద్దు పొడిచిన నిమిషం నుంచే ఎండ ఆ వాలు మీద నేరుగా పడుతుంది, నీడ ఇచ్చే అడ్డు ఏదీ ఉండదు. అక్టోబర్ మొదట్లో విశాఖలో పొద్దు పొడిచేది ఆరింటికి కొద్దిగా ముందు. మేం ఏడున్నరకి కాలు పెట్టేసరికి ఆ రాళ్ళు గంటన్నరగా కాగుతున్నాయి.

ఇంకొకటి గాలి. పగలు సముద్రం మీద నుంచి వచ్చే చల్లగాలి పొద్దున్నే రాదు. నేల వేడెక్కి, దాని మీది గాలి పైకి లేచిన తర్వాతే సముద్రపు గాలి లోపలికి తోసుకొస్తుంది. సాధారణంగా అది పొద్దెక్కాకే. తెల్లవారి తర్వాత కొన్ని గంటలు ఆకు కదలని వేళ, పైగా గాలిలో తేమ శాతం ఎక్కువ ఉండే వేళ. ఎండ నేరుగా, గాలి లేదు, చెమట ఆరదు. మేం సరిగ్గా ఆ వేళనే ఎంచుకున్నాం.

సాయంత్రం దీనికి తారుమారు. సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళాక సముద్రం వైపు వాలంతా కొండ నీడలోకి వస్తుంది, గాలి కూడా ఉంటుంది. కాకపోతే చీకటి భయం. మన దగ్గర పొద్దు గుంకాక వెలుతురు అరగంట కూడా నిలవదు. డిసెంబర్‌లో విశాఖలో సాయంత్రం అయిదున్నరకే పొద్దు గుంకిపోతుంది, జూన్‌లో ఆరున్నర. కాబట్టి పొద్దున ఎక్కాలనుకుంటే వెలుతురు రాగానే ఎక్కడం మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు దిగిపోవాలి, లేదంటే సాయంత్రం వెలుతురు ఉండగానే దిగేట్టు ఎక్కాలి. మధ్యలో ఏడున్నర, ఎనిమిది అనేది రెండింటికీ చెడ్డ వేళ. ఆలస్యమైతే ఆ రోజుకి ప్లాన్ మార్చుకొని రోప్‌వే ఎక్కండి, నామోషీ ఏమీ లేదు.

చెట్ల సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. ఆ ఒక్కరోజులో ఈ కొండల మీది చెట్లు ఎన్ని కూలాయో నగరంలో ఉన్నవాళ్ళకి తెలుసు. మళ్ళీ పచ్చబడ్డాయి కానీ, మా అబ్బా వయసువాళ్ళు "మెట్ల మీద నీడే నీడ" అని చెప్పే రోజులని నమ్ముకొని వెళ్ళకూడదు.

*గుంపులో వెనకపడ్డవాడు*

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇది. స్నేహితులు కలిసి ఎక్కేటప్పుడు ఇద్దరు ముందు పోతారు, ఒకడు వెనకపడతాడు. ముందువాళ్ళు ఆగి, నీళ్ళు తాగి, ఫోటోలు దిగి, వెనకవాడు వచ్చేదాకా ఎదురుచూస్తారు. వాడు ఆయాసపడుతూ రాగానే "హా, వచ్చాడు, చలో" అని లేస్తారు. ముందువాళ్ళకి అయిదు నిమిషాల విశ్రాంతి దొరికింది, అవసరమైనవాడికి అర నిమిషం కూడా దొరకలేదు. ప్రతి మలుపులోనూ ఇదే. చూసేవాళ్ళకి మాత్రం "వాడి కోసం ఎన్నిసార్లు ఆగామో" అనిపిస్తుంది.

మేం చేసింది అచ్చంగా ఇదే. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందు పెడుతున్నాం. వాడి నడకే అందరి నడక. వాడు వచ్చాక కూర్చుంటే, వాడు లేస్తానన్నప్పుడే లేవాలి. చివర్లో ఎవరినీ ఒంటరిగా వదలకూడదు. ఎంత వేగం సరైనదో తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు, నడుస్తూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రెండు మాటలకి ఒకసారి ఊపిరి ఆగుతుంటే వేగం ఎక్కువైనట్టు. మన కుర్రాళ్ళలో ఒక జబ్బు ఉంది, "నా వల్ల కావట్లేదు" అనడానికి సిగ్గు. నలుగురి ముందు అనలేరు. అందుకే అడగాలి, అదీ "బాగున్నావా?" అని కాదు. దానికి అందరూ "బిల్‌కుల్" అనే అంటారు. "ఇవాళ ఏం వారం? మనం ఎక్కడి నుంచి ఎక్కాం?" అని అడగండి. జవాబు తప్పినా, విసుక్కున్నా, మత్తుగా చెప్పినా అక్కడే ఆగిపోవాలి.

*ఎప్పుడు భయపడాలి?*

తలనొప్పి, వికారం, కాళ్ళు పీకడం, చక్కర్ వచ్చినట్టు ఉండటం: ఇవి అలసట ముదురుతోందని చెప్పే గుర్తులు. నీడలో కూర్చోబెట్టి, కాళ్ళు కాస్త ఎత్తి, నీళ్ళు కొద్దికొద్దిగా తాగిస్తే సాధారణంగా తగ్గుతుంది. తగ్గినా ఆ రోజుకి ఎక్కడం చాలు.

మాట తేడా పడటం, సంబంధం లేని ప్రశ్నలు, తూలడం, అకారణంగా కోపం, స్పృహ తప్పడం: ఇవి వేరు. ఒళ్ళు వేడిగా ఉండి ఇవి కనిపిస్తే అది వడదెబ్బే అనుకోవాలి. "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే" అనే మాట నమ్మకండి. ఎండలో ఊరికే ఉండి వచ్చే వడదెబ్బలో చర్మం పొడిగా ఉండవచ్చు, శ్రమ వల్ల వచ్చేదానిలో చెమట పడుతూనే ఉంటుంది. మా వాడికి అలాగే అయ్యింది.

అప్పుడు ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే మిగతావాళ్ళు చల్లబరచడం మొదలుపెట్టాలి. అంబులెన్స్ వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోకూడదు, చల్లబరచడంలో ఆలస్యమయ్యే ప్రతి నిమిషం మెదడుకి, మూత్రపిండాలకి చేటు. దొరికిన నీళ్ళన్నీ ఒంటి మీద పోసి గట్టిగా విసరాలి. దొరికితే మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు పెట్టాలి. తెలివి సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నడిపించకండి, నడిస్తే కండరాలు మళ్ళీ వేడి పుట్టిస్తాయి. మేం ఈ చివరిది తప్పు చేశాం. అదృష్టం బాగుండి బయటపడ్డాం, అంతే.

షుగర్ ఉన్నవాళ్ళ విషయంలో ఇంకో చిక్కు. ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వాడుతూ తిండి సరిగ్గా లేకుండా ఎక్కితే షుగర్ పడిపోతుంది, గుర్తులు దాదాపు ఇవే. జేబులో నాలుగు చాక్లెట్లో, గ్లూకోజ్ పొడో ఉంచుకోవాలి. ఛాతీలో నొప్పి, బరువు, ఎడమ చేయి లాగడం అంటే గ్యాస్ అని సోడా తాగించకుండా నేరుగా ఆసుపత్రికే. బీపీకి మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ఎండలో కొండ ఎక్కకూడదు. రోజా ఉన్నప్పుడు ఈ సరదా అసలే వద్దు, రంజాన్ తర్వాత కూడా కొండ అక్కడే ఉంటుంది.

*నీళ్ళు, బట్టలు*

విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో తొట్లకొండ, బావికొండ ఉన్నాయి. రెండింటి మీదా రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధ విహారాల శిథిలాలు. ఆ పేర్లు ఎలా వచ్చాయో గమనించారా? ఒకదానికి రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల, ఇంకోదానికి బావుల వల్ల. సముద్రం ఎదురుగా ఉన్నా ఈ కొండల మీద తాగే నీరు దొరకదు, వాన నీళ్ళు పట్టి దాచుకోవాల్సిందే. కొండ మీద బతకడానికి వచ్చినవాళ్ళు అంత శ్రమపడి నీళ్ళ ఏర్పాటు చేసుకున్నారు. మేం ఐదుగురికి నాలుగు సీసాలతో వెళ్ళాం, సగం దారికే రెండు అయిపోయాయి.

మనిషికి కనీసం ఒకటిన్నర లీటరు పట్టుకెళ్ళండి. అది తాగడానికి మాత్రమే కాదు, అవసరమైతే ఒంటి మీద పోయడానికి కూడా. ఒకేసారి గటగటా కాదు, దాహం వేసినప్పుడల్లా కొద్దిగా. ఎక్కువ చెమట పట్టేవాళ్ళు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి, చిక్కగా కలిపితే మేలు కంటే కీడు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. ఉప్పేసిన మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు మన ఇళ్ళలో ఎప్పుడూ ఉండేవే.

బట్టల గురించి ఇంట్లో ఆడవాళ్ళు అడిగారు, నల్ల బురఖాతో ఎక్కితే ప్రమాదమా అని. 1980లో నేచర్ పత్రికలో దీని మీదే ఒక చిన్న పరిశోధన వచ్చింది. ఎడారిలో బెదూయిన్లు నల్ల అంగీలు ఎందుకు వేసుకుంటారని పరీక్షించి చూస్తే, నల్ల బట్ట ఎక్కువ వేడెక్కినా వదులుగా ఉండటం వల్ల లోపల గాలి ఆడి, ఒంటికి చేరే వేడి తెల్ల అంగీతో సమానంగానే ఉందని తేలింది. అది ఎడారి, మనది తేమ తీరం, కాబట్టి ఉన్నదున్నట్టు ఇక్కడికి వర్తించదు. కానీ రంగు కంటే వదులు, గుడ్డ రకం ముఖ్యమన్నది గ్రహించవచ్చు. ఒంటికి అతుక్కునే పాలిస్టర్ రెండు పొరలు వేసుకోవడం కంటే వదులుగా ఉన్న పలుచని నూలు గుడ్డ మేలు. మగవాళ్ళకీ ఇదే మాట, జీన్స్ ప్యాంటుతో ఎక్కేవాళ్ళని చూస్తే నాకే చెమట పడుతుంది.

*దిగేటప్పుడు*

ఎక్కడం గురించి ఇంత రాశాను కానీ, కాళ్ళు జారేది ఎక్కువగా దిగేటప్పుడే. ఈ కొండల రాయి పేరు ఖోండలైట్, తూర్పు కనుమల్లోని ఖోండు తెగ పేరు మీద పెట్టారు. కోణార్క్ గుడి కట్టిందీ ఈ జాతి రాయితోనే. చూడటానికి గట్టిగా ఉన్నా వానకీ ఉప్పు గాలికీ పొడిపొడిగా రాలి, ఎర్రమట్టి మీద చిన్న గులకలా పరుచుకుంటుంది. చెప్పు కింద అది గోళీలు పోసినట్టే. అందుకే మెట్లు వదిలి అడ్డదారిన దిగవద్దు. మెట్టు దిగే ప్రతిసారీ మోకాలి మీద పడే భారం మన బరువుకి మూడింతల పైనే. పెద్దవాళ్ళు ఎక్కేటప్పుడు మెట్లు, దిగేటప్పుడు రోప్‌వేనో కారో చూసుకోవడం తెలివైన పని. ఉరుము వినపడితే మాత్రం ఏ వయసువాళ్ళయినా వెంటనే దిగి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ ఎక్కకూడదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి పాత పోర్టు దగ్గరి కొండలు నయం. పక్కపక్కనే మూడు ఉన్నాయి: రాస్ హిల్ మీద చర్చి, దర్గా కొండ మీద మసీదు, దర్గా, మూడోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. ఎత్తు తక్కువ, ఇళ్ళు దగ్గర, ఎవరికైనా బాగోకపోతే పిలిస్తే పలికేవాళ్ళు ఉంటారు. తొట్లకొండ ఎత్తు 128 మీటర్లు, దానికీ రోడ్డు ఉంది, నడిచి వెళ్ళినా వాలు మరీ నిటారు కాదు.

మా రియాద్ వాడు మళ్ళీ జనవరి చివర్లో వచ్చాడు. ఈసారి ఎక్కాలని పట్టుబట్టింది వాడే. వచ్చిన పది రోజులు రోజూ సాయంత్రం బీచ్ రోడ్డు మీద నడిచాడు. తర్వాత ఒక రోజు పావు తక్కువ నాలుగుకి మెట్ల దగ్గర కలిశాం. వాలంతా నీడ, సముద్రం మీద నుంచి గాలి. వాణ్ణి ముందు పెట్టాం. ఏడుసార్లు ఆగాడు, ఏడుసార్లూ కూర్చున్నాం. పైకి చేరేసరికి పార్కులో లైట్లు ఇంకా వేయలేదు. దిగేటప్పుడు మాత్రం "మోకాళ్ళు నావి, మెట్లు మీవి" అంటూ వాడు రోప్‌వే టికెట్ లైన్లో నిలబడ్డాడు.